మెర్ల్ టికెట్ కొన్నదెవరు?

హార్లన్ క్రైడర్ కూర్చున్న సీట్లోనే చనిపోయాడు.

టాల్మెన్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడే ఫీల్డ్‌హౌస్‌లో సొంత జట్టు తొలి బాస్కెట్ వేసేదాకా ప్రేక్షకులెవరూ కూర్చోరు. నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంటారు. రెండో సగం మొదలైనప్పుడూ అంతే. ఆ శనివారం రెండో సగంలో అందరూ లేచారు. హార్లన్ లేవలేదు.

అందరూ అన్నానే గానీ, ఆ వరుసలో ఉన్నదే నలుగురు. ఒకప్పుడు మిల్‌ఫోర్క్ ఊళ్ళో, ఏడాది ఆటలన్నిటికీ ఒకే సీటిచ్చే ఈ సీజన్ టికెట్ల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కారు. ఇప్పుడు జట్టు ఓడుతోంది, ఆటలన్నీ టీవీలో వస్తున్నాయి. ఉన్న సీటు ఒక్క ఆటకి అమ్ముదామన్నా అడిగే దిక్కు లేదు.

హార్లన్ పక్క సీటు కూడా ఆ రోజు ఖాళీ. అది అతని ప్రాణస్నేహితుడు మెర్ల్ ఓబర్గ్‌ది.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఫ్లాస్కులోని కాఫీలో గుండెజబ్బు మాత్రల పొడి. గుర్రం తాగినా లేవదు.

ఆ ఫ్లాస్కు నింపిచ్చింది హార్లన్ కోడలు కోలీన్. ముసలాయన మాత్రల సీసా ఉండేది కూడా ఆమె చేతిలోనే. షెరీఫ్ హబర్డ్ ఆమెని అరెస్టు చేశాడు.

"సోమవారం చార్జిషీటు వేసేస్తారు," అన్నాడు షెరీఫ్, బూట్లు బల్లమీద పెట్టి. "నువ్వింకా ఏం తవ్వుతున్నావు వెండా?"

డిటెక్టివ్ వెండా రస్క్ బల్లమీద ఉన్న సంచి వైపు చూస్తోంది. హార్లన్ సీటు కింద దొరికిన సంచి. ఫ్లాస్కు, రెండు కప్పులు. ఒకటి వాడినది. రెండోది కడిగి తుడిచినట్టే ఉంది.

"రెండు కప్పులెందుకు సార్?"

"మెర్ల్ కోసం. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒకే ఫ్లాస్కులోంచి తాగుతారు. ఊరందరికీ తెలుసు."

"మరి మెర్ల్ ఆ రోజు ఎందుకు రాలేదు?"

"టికెట్ అమ్ముకున్నాడు. కాలేజీ వాళ్ళని అడిగాను. ఆ టికెట్‌తో ఎవరూ లోపలికి రాలేదట. కొన్నవాడు డుమ్మా కొట్టాడు. దాంతో మనకేం పని?"

వెండాకీ ఫీల్డ్‌హౌస్ పై అంతస్తులో ఒక సీజన్ టికెట్ ఉంది. అదే ఆటకి ఆమె తన సీటు మూడు డాలర్లకి అమ్మకానికి పెట్టింది. ఒక్కడు కూడా తొంగిచూడలేదు.

*

జైల్లో కోలీన్ ముఖం పీక్కుపోయి ఉంది. ఆమెకి మూడేళ్ళ కూతురు. ఈ వారమంతా పిల్లని ఒక్కసారి కూడా చూడలేదు.

"మీ మామగారితో గొడవైందా?" అడిగింది వెండా.

"అయింది. ఆ సీట్లు వదిలెయ్యమన్నాను. కాలేజీకి ఏటేటా అంత విరాళం కడితే గానీ ఆ సీట్లు ఉండనివ్వరు. ఇంటి కప్పు కారుతోంది మేడమ్. ఆటకి వెళ్ళాలనుంటే గేటు దగ్గర సోడా ఖరీదుకి టికెట్ దొరుకుతుంది కదా అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదాయన."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? కాఫీ ఫ్లాస్కు నా చేతికే ఇచ్చాడు. అంటే రాజీ అన్నమాట."

"కాఫీ ఎక్కడ పోశారు?"

"చర్చిలో. ఆట ఉన్న శనివారం చర్చి కింద గదిలో బీన్స్, పందిమాంసంతో భోజనాలు ఉంటాయి కదా. అక్కడ పెద్ద పాత్రలోంచి పట్టాను. అదే కాఫీ ఊరంతా తాగింది."

"ఫ్లాస్కు మీ చేతిలోనే ఉందా?"

"వంటగది గట్టుమీద పెట్టి వడ్డనకి వెళ్ళాను. వచ్చేసరికి మూత బిగించి ఉంది. అందులో ఏముంది, పది మంది ఆడవాళ్ళు తిరిగే చోటు."

"రెండు కప్పులు పెట్టారు."

"ఎప్పుడూ రెండే పెడతాను. మెర్ల్ గారు రావట్లేదని నాకెవరు చెప్పారు?" కోలీన్ తలుపు వైపు చూసింది. "డేల్ వచ్చాడా మేడమ్?"

వెండా అబద్ధం చెప్పలేకపోయింది. కోలీన్ భర్త డేల్ వచ్చాడు, కానీ స్టేషనుకి. మాత్రలు తన భార్యే చూసుకునేదని, తండ్రితో గొడవపడిందని వాంగ్మూలం ఇచ్చి, ఆమెని చూడకుండానే వెళ్ళిపోయాడు.

"మీ ఆయన సంగతి తర్వాత," అంది వెండా. అలా అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

*

మెర్ల్ ఇల్లు ఊరి చివర, మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట. అతని భార్య ఆర్డిత్ తలుపు తీసింది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. ముప్ఫయ్యేళ్ళుగా చర్చి డబ్బు, శనివారం భోజనాల వంటగది చూసేది ఆమే.

"కూర్చోమ్మా. యాపిల్ పై చేశాను, ఒక ముక్క తిను," అంది ఆర్డిత్. "పాపం ఆ కోలీన్‌కి ఏం పోయేకాలం వచ్చిందో."

మెర్ల్ కిటికీ దగ్గర కుర్చీలో కూలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుని వారమైనట్టుంది.

"పెద్దాయనా, ఆ రోజు మీరెందుకు వెళ్ళలేదు?"

"వెధవ పంతం." మెర్ల్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఊళ్ళో అందరూ నన్ను ఆట పట్టించేవాళ్ళు. అందరూ నాలుగు డాలర్లకీ అయిదు డాలర్లకీ దిగజారితే, నేను మాత్రం టికెట్ మీద అచ్చేసిన నలభై అయిదు కంటే పైసా తగ్గనన్నాను. హార్లన్ అయితే రోజూ అనేవాడు, 'ఒరేయ్ మెర్ల్, నీ టికెట్ కొనే వెర్రివాడు ఇంకా పుట్టలేదురా' అని. పుడితే ఆ రోజు ఇంట్లో కూర్చుని రేడియో వింటానని పందెం వేశాను."

"పుట్టాడా?"

"శనివారం పొద్దున్న. మూడేళ్ళలో మొదటిసారి. ఆర్డిత్ ఫోనులోనే అవన్నీ పెడుతుంది, నాకు ఆ మీటలు నొక్కడం రాదు. అమ్ముడైపోయిందని చెప్పి డబ్బు నా చేతిలో పెట్టింది. రెండు ఇరవైల నోట్లు, ఒక అయిదు."

"అప్పుడే ఇచ్చారా?"

"అప్పుడే. నేను ఎగిరి గంతేశాననుకో. హార్లన్‌కి ఫోన్ చేసి వెక్కిరించాలనుకున్నాను. ఆటయ్యాక చెప్తే ఇంకా బావుంటుందిలే అంది ఆర్డిత్."

"వెళ్ళి వేరే ఖాళీ సీట్లో కూర్చోవచ్చుగా? సగం హాలు ఖాళీయే."

మెర్ల్ తల పైకెత్తాడు. "సీటు అమ్ముకున్నవాడు దొంగలా వెళ్ళి ఇంకొకడి సీట్లో కూర్చుంటాడా అమ్మా? ఈ ఊళ్ళో ఎవరూ ఆ పని చెయ్యరు."

వెండా ఆర్డిత్ వైపు తిరిగింది. "కొన్నదెవరో ఫోనులో చూపిస్తుందా?"

"పేరు రాదమ్మా. అమ్ముడైంది అని వస్తుంది, అంతే." ఆర్డిత్ కత్తితో యాపిల్ పైని నీటుగా కోసింది. "ఇంకో ముక్క వేయనా?"

"వద్దండీ," అంది వెండా. "కడుపు నిండిపోయింది."

కారెక్కగానే వెండా స్టేషనుకి ఫోన్ చేసింది. టికెట్లు మారుబేరం చేసే సైటుకి వారంటు పంపమంది. కొన్నవాడి పేరు కోసమా అని అడిగారు. కాదంది. ఒక్క ముక్క తెలిస్తే చాలు.

*

ఆదివారం మధ్యాహ్నం ఫీల్డ్‌హౌస్ తెరిచి ఉంది. కింద కోర్టులో కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారు. బంతి చప్పుడు పైకప్పుకి తగిలి తిరిగొస్తోంది.

హార్లన్ వరుసలో అయిదుగురిని కూర్చోబెట్టింది వెండా. షెరీఫ్. సంకెళ్ళతో కోలీన్. ఆమెకి దూరంగా డేల్. తన సొంత సీట్లో మెర్ల్. అతని పక్కన ఆర్డిత్.

"తొందరగా కానీ," అన్నాడు షెరీఫ్.

"ఒక్కటే ప్రశ్న సార్. మెర్ల్ గారి టికెట్ కొన్నదెవరు?"

"ఎవడో ఒకడు. రాలేదుగా."

"ఆ ఆటకి ఈ వరుసలోనే ఆరు సీట్లు అమ్మకానికి ఉన్నాయి. నాలుగేసి డాలర్లు. అవి వదిలేసి నలభై అయిదు పెట్టి ఈ సీటే ఎవడు కొంటాడు? కొన్నాక ఎందుకు రాడు?"

డేల్ నెమ్మదిగా అన్నాడు, "మా నాన్న పక్కన ఎవరూ ఉండకూడదనుకున్నవాడు."

"నేనూ మొదట అదే అనుకున్నాను. ఎవరో మెర్ల్ గారిని ఇంట్లో కూర్చోబెట్టడానికి కొన్నారని. సగమే నిజం. సైటు వాళ్ళ జవాబు పొద్దున్న వచ్చింది. ఆ టికెట్ ఎవరూ కొనలేదు."

మెర్ల్ అర్థం కానట్టు చూశాడు. "డబ్బిచ్చారమ్మా. నా చేతికి."

"అదేనండీ పొరపాటు. నా టికెట్ ఒకటి అయిదేళ్ళ కిందట అమ్ముడైంది. సైటు డబ్బు ఆట అయ్యాక ఇస్తుంది. అదీ బ్యాంకులో వేస్తుంది. ఆట మొదలవ్వకముందే నోట్లు చేతికి రావు. ఒక్క టికెట్టయినా అమ్మినవాళ్ళకి ఆ సంగతి తెలుస్తుంది. మీ టికెట్ ఒక్కసారీ అమ్ముడుపోలేదు. అందుకే మీ ఇంట్లో ఎవరికీ తెలియలేదు." వెండా ఆగింది. "శనివారం పొద్దున్న ఆ టికెట్‌ని అమ్మకంలోంచి తీసేశారు. ఆర్డిత్ గారి ఫోనులోంచి."

కింద ఎవరో బంతి వదిలేశారు. అది దొర్లుకుంటూ గోడ దాకా వెళ్ళింది.

"మా ఆయనకి ఒంట్లో బాగాలేదు," అంది ఆర్డిత్. "చలిలో వద్దని చిన్న అబద్ధం ఆడాను. అది నేరమా?"

"హార్లన్ మీద కక్ష ఉన్నది ఎవరికా అని మేమంతా వెతికాం. వెతకాల్సింది అది కాదు. ఆ ఫ్లాస్కులో సగం మెర్ల్ గారు తాగుతారు. విషం కలిపిన మనిషికి మెర్ల్ గారు బతకాలి. కోలీన్ రెండో కప్పు పెట్టింది. ఆయన రాడని ఆమెకి తెలియదు. తెలిసిన మనిషి ఆ రోజు చర్చి వంటగదిలో ఉంది. ఫ్లాస్కు మూత బిగించింది."

"నేను పొడి కలపడం నువ్వు చూశావా?" అంది ఆర్డిత్.

"పొడి సంగతి నేనెత్తలేదండీ."

మెర్ల్ భార్య వైపు తిరిగాడు. చాలాసేపు ఆమె ముఖం చూశాడు.

"నా గుండె మాత్రలు నెల మధ్యలోనే అయిపోయాయి," అన్నాడు. "మందుల షాపువాడు తక్కువ పెట్టాడన్నావు."

ఆర్డిత్ తల దించుకుంది.

"ఎందుకే? వాడు నీకేం చేశాడు?"

"చర్చి డబ్బు," అంది ఆమె. "కొద్దికొద్దిగా వాడుకున్నాను. తిరిగి పెట్టేద్దామనుకున్నాను. హార్లన్ కనిపెట్టాడు. ఆదివారం లోపల నీకు చెప్పమన్నాడు, లేకపోతే తనే చెప్తానన్నాడు. నువ్వు నన్ను ఎలా చూస్తావోనని..."

"తిట్టేవాణ్ణి," అన్నాడు మెర్ల్. "రెండు రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. తర్వాత ఇద్దరం కలిసి పొలం అమ్మి కట్టేవాళ్ళం. అంతే కదే."

"నిన్ను మాత్రం చావనివ్వలేదు మెర్ల్. నిన్ను ఇంట్లో ఉంచాను."

"ఈ పిల్ల జైల్లో కూర్చుంటే, నువ్వు వారమంతా నాకు గుడ్లు వేయించి పెట్టావు. నేను తిన్నాను."

ఆర్డిత్ అతని చెయ్యి పట్టుకోబోయింది. మెర్ల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

షెరీఫ్ లేచాడు. కోలీన్ సంకెళ్ళు విప్పి, వాటినే ఆర్డిత్‌కి వేసి మెట్ల మీదుగా తీసుకెళ్ళాడు. ఆమె వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది. మెర్ల్ కోర్టు వైపే చూస్తూ ఉండిపోయాడు.

డేల్ లేచాడు. టోపీ చేతుల్లో నలుపుతూ భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంటికి వెళ్దాం పద కోలీన్. పాప అడుగుతోంది."

కోలీన్ మణికట్లు రుద్దుకుంటోంది.

"పాపని తీసుకురా," అంది. "నువ్వు వెళ్ళి తీసుకురా."

"ఇక్కడికా? నువ్వు రావా?"

ఆమె లేచి డేల్‌ని దాటుకుని వెళ్ళింది. మెర్ల్ పక్కన, హార్లన్ సీట్లో కూర్చుంది. ముసలాయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఈయన్ని ఒక్కణ్ణి వదిలేసి ఎలా రమ్మంటావు డేల్?" అంది. "అందరూ వదిలేశాక ఒక్కత్తినే కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

డేల్ టోపీ పెట్టుకుని, పాపని తీసుకురావడానికి మెట్లు దిగాడు.