చాలుమీటకు నూటికి నూరు

కాకినాడలోని ఆ కల్యాణమండపంలో మొదటి బంతి పన్నెండు నిమిషాల్లో లేచిపోయింది. పరీక్షాధికారి హైమవతి గడియారం చూసి ముచ్చటపడింది.

2091 నాటికి సాఫ్ట్‌వేర్‌ను మొత్తంగా ఎవరూ పరీక్షించడం లేదు. ఒక్కో చిన్న భాగాన్ని విడదీసి, వాడేవారి వేలు ఎంతసేపు ఆగింది, ఎన్నిసార్లు తప్పింది అని తడబాటుమాపని అనే పరికరం లెక్కగడుతుంది. తొంభై మార్కులు దాటిన భాగం మర్నాటి నుంచి అన్నిచోట్లా అమల్లోకి వస్తుంది. ఇవాళ చాలుమీట వంతు. విస్తరి పక్కనున్న ఆ మీట నొక్కితే యంత్రపు వడ్డనచేయి ఆగిపోతుంది. అది నెగ్గితే, ముప్పై ఏళ్ళుగా ఇక్కడ వడ్డిస్తున్న సూర్రావు రేపట్నుంచి ఇంట్లో కూర్చోవలసిందే. పాపం, ఆయన స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జరుగుతున్నది నిశ్చితార్థం విందు. మగపెళ్ళివారు అరవైమంది. మొదటి గారె విస్తట్లో పడగానే అరవై వేళ్ళు మీటలు నొక్కాయి. ఒక్క వేలూ తడబడలేదు.

“నూటికి నూరు వచ్చాయండి,” అంది హైమవతి. సూర్రావు మొహం చూస్తే ఆమెకే బాధేసింది.

“వత్తాయండి. ఆళ్ళెవరూ తిన్లేదు కదా.”

“చాలని వాళ్ళే నొక్కారుగా?”

“కొత్త వియ్యాలారండి. మొదటిసారి అడిగితే చాలనే అంటారు. మూడోసారికి గానీ ఆకలి బయటపడదు.”

హైమవతి నమ్మలేదు. మొహం కడుక్కుందామని బయటికొస్తే, పెళ్ళికొడుకు పెదనాన్న వాచ్‌మన్‌ని పక్కకు పిలిచి, దగ్గర్లో ఇడ్లీ బండి ఉందా అని గుసగుసగా అడుగుతున్నాడు.

ఆమె గబగబా లోపలికొచ్చి, సూర్రావు చేతికి గారెల బుట్ట ఇచ్చింది. ఆయన నేరుగా బయటున్న పెదనాన్న దగ్గరకెళ్ళాడు.

“వద్దు బాబూ, నిండిపోయింది.”

“ఒక్కటండి. నా మాట తీసెయ్యకండి.”

పెదనాన్న నిలబడే ఏడు గారెలు తిన్నాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే విస్తళ్ళ ముందుకొచ్చి కూర్చున్నారు. రెండో బంతి గంటన్నర సాగింది. మండపం నవ్వులతో నిండిపోయింది.

మార్కులు తగ్గించే అధికారం హైమవతికి లేదు. నివేదికలో నూరే వేసింది. కింద షరతుల గడిలో మాత్రం ఇలా రాసింది: ‘మీటలో ఏ లోపమూ లేదు. అది చెప్పింది నమ్మని మనిషి ఒకరు ఎప్పుడూ పక్కన ఉండాలి.’ ఆ మనిషి పేరు సూర్రావు అని కూడా రాసి, ఆయనకు చూపించింది.

సూర్రావు రెండుసార్లు చదువుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“తమరు బోంచేశారా అండి?”

“నాకు ఆకలి లేదండి,” అంది హైమవతి.

సూర్రావు విస్తరి వేశాడు.