ఏడో నంబరు గదిలో చెమ్మ

"హీటర్ ఉందా?"

"ఉందండీ."

"పనిచేస్తుందా?"

హోటల్లో పనిచేయడం మొదలుపెట్టిన తొమ్మిదేళ్లలో స్టామాతిస్‌ని ఫోన్లో ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆగస్టు చివరి వారం. రిసెప్షన్ ముందు తడి బట్టలతో ఆరుగురు జర్మన్లు తాళాల కోసం నిలబడి ఉన్నారు. కిమోలోస్ దీవికి వచ్చేవాళ్లంతా ఎండ కోసం వస్తారు. ఈమెకి హీటర్ కావాలట.

"మేడమ్, ఎన్ని రోజులకండీ రూము?"

"సెప్టెంబరు నుంచి జూన్ దాకా. లెక్కల టీచర్ని. తాత్కాలిక పోస్టు. నిన్న మీ దీవికి వేశారు, ఎల్లుండి చేరాలి. ఇప్పటికి పదకొండు హోటళ్లకి ఫోన్ చేశాను. ఏడుగురు లేదన్నారు. నలుగురు నా జీతం కన్నా ఎక్కువ చెప్పారు. మీరు పన్నెండోవారు."

స్టామాతిస్‌కి నవ్వొచ్చింది. "నెలకి మూడొందల యూరోలు."

"రెండొందల యాభై. కరెంటు నేనే కట్టుకుంటా."

"సరే. కానీ ఏప్రిల్ ముప్పైకి ఖాళీ చేయాలి. మే నుంచి మాకు సీజను. ఆ నాలుగు నెలల సంపాదనతోనే ఏడాదంతా బతకాలి."

"స్కూలు జూన్ దాకా ఉంటుంది కదండీ?"

"మీ స్కూలు కోసం సీజను ఆగదండీ."

"ఏప్రిల్ ముప్పై సాయంత్రానికి తాళం మీ చేతిలో పెడతాను. మాటంటే మాటే. ప్లగ్గులెన్ని?"

"ఒకటి."

"అంటే హీటర్ పెడితే టీ లేదు, టీ పెడితే హీటర్ లేదు. రెండూ కలిపితే?"

"ఫ్యూజు పోతుంది. కింద మా ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. అయినా ఒకేసారి రెండూ ఎందుకండీ?"

"మీరెప్పుడైనా మా కొండల ఊరు కొజానీలో చలికాలం గడిపారా?"

"లేదండీ."

"తెలుస్తూనే ఉంది. స్కూలు ఎంత దూరం?"

"ఐదు నిమిషాలు."

అలా మిర్తో ఆ హోటల్‌కి వచ్చింది. ఒక పెట్టె, ఒక పుస్తకాల సంచి, కొజానీ నుంచి మోసుకొచ్చిన ఇంకో హీటరు. గాలికి పడవ బాగా ఊగినట్టుంది, మొహం సున్నం కొట్టినట్టు ఉంది. అయినా రిజిస్టర్లో సంతకం చేసే ముందు ప్రతి లైనూ చదివింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆమె తిరిగొచ్చింది. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. తిన్నగా రిసెప్షన్ దగ్గరికొచ్చి నిలబడింది.

"స్టామాతిస్ గారూ, మీ ఐదు నిమిషాలు ఎవరి కాళ్లతో కొలిచారు?"

"కాళ్లతో కాదండీ. మోటార్ సైకిల్ మీద."

"ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంతా ఎక్కుడే."

తప్పు చేశానని అతనికి అనిపించింది. అందుకే మర్నాటి నుంచి, ఆమె బయల్దేరే వేళకి సరిగ్గా, కొండమీది ఊళ్లో రొట్టె కొనాల్సిన అవసరం అతనికి రోజూ వచ్చి పడేది. వెళ్లేది ఎలాగూ అటే కాబట్టి, ఆమె బండి వెనక కూర్చునేది.

"నిన్నటి రొట్టె ఉంది, మొన్నటి రొట్టె ఉంది. మనం ఇద్దరం కదరా తినేది!" అనేది తల్లి కలియోపి.

"తాజాది బాగుంటుందమ్మా."

"అవునవును, చాలా తాజాగా ఉంటోంది."

అక్టోబరు దాటేసరికి పన్నెండు గదుల హోటల్లో మిగిలింది ఏడో నంబరు గది మనిషి ఒక్కతే. సాయంత్రాలు ఆమె కింద రిసెప్షన్లో స్టవ్ దగ్గర కూర్చుని పేపర్లు దిద్దేది. అవి అయ్యాక స్టామాతిస్‌తో తావ్లీ ఆడేది. పాచికలు వేసే ప్రతిసారీ పెదాలు కదుపుతూ ఏదో లెక్క కట్టేది, ఆ తర్వాత గెలిచేది. చిన్నప్పటి నుంచి కాఫీ కొట్లో ఆడి పెరిగిన స్టామాతిస్‌కి ఇది తలవంపులే. అయినా రోజూ సాయంత్రం బల్ల తుడిచి, పలక పరిచి, ఆమె దిగొచ్చే మెట్ల వైపు చూస్తూ కూర్చునేవాడు.

జనవరిలో ఐదు రోజులు పడవ రాలేదు. కొట్లో టమాటాలు అయిపోయాయి, ఆ తర్వాత ఉల్లిపాయలు కూడా. కలియోపి డబ్బా టమాటాలతో లదేనియా రొట్టె కాల్చి, వేడి వేడి ముక్క మిర్తో చేతిలో పెట్టింది.

"మీ ఊళ్లో ఇది దొరకదు టీచరమ్మా."

"మా ఊళ్లో పడవ రాకపోతే పస్తులుండాల్సిన పని కూడా లేదమ్మా," అంది మిర్తో, రెండో ముక్క అందుకుంటూ. కలియోపికి ఆ జవాబు నచ్చింది. ఆ పిల్ల తిండి కూడా నచ్చింది.

ఈస్టర్ సెలవులు వచ్చాయి, అయిపోయాయి. ఊరంతా గోడలకి సున్నాలు వేస్తున్నారు. సెలవులకి కొజానీ వెళ్లిన మిర్తో, వస్తూ వస్తూ పచారీ కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చుకుంది. వాటిని చూడగానే స్టామాతిస్ ఆమెని మెట్ల దగ్గరే ఆపాడు.

"ఇంకో నెలన్నర ఇక్కడే ఉండండి టీచర్ గారూ. అదే అద్దెకి."

"రోజుకి డెబ్భై యూరోలకి పోయే గది అది. మీకు నాలుగు నెలలే సంపాదన అని మీరే చెప్పారు. జాలిపడి ఇచ్చిన గదిలో నేనుండను. ఫ్రెంచి టీచర్ తన గదిలో మడత మంచం వేస్తానంది. మాటంటే మాటే."

జాలి అంటుందేమిటి! ఆమె లేని హోటల్ని తలుచుకుంటే జాలి వేస్తున్నది అతనికి తన మీదే. రిసెప్షన్లో నాలుగు భాషల్లో మాట్లాడతాడు, ఈ ఒక్క మాట మాత్రం సొంత భాషలో కూడా రాలేదు.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది సోమవారం, మిర్తో స్కూలుకి వెళ్లాక, అమ్మ జెరేనియం మొక్కలకి నీళ్లు కొట్టే స్ప్రే సీసా పట్టుకుని స్టామాతిస్ ఏడో నంబరు గదికెళ్లాడు. మంచం పక్క గోడకి మోకాలెత్తున అరగంటసేపు నీళ్లు కొట్టాడు. చెమ్మ దిగి, తలగడంత మచ్చ పడింది.

"గోడలో పైపు కారుతోందండీ," అన్నాడు ఆమె రాగానే, కళ్లు కిందికి దించుకుని. "ఈ గది ఎవరికీ ఇవ్వలేం. డబ్బులిచ్చి వచ్చినవాళ్లు ఊరుకుంటారా? మేస్త్రీకి జూన్ దాకా ఖాళీ లేదట. ఊరికే పడుండే గదే కదా, మీరుంటే మాకే మేలు."

మిర్తో గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. "నిజమే. తడిగానే ఉంది."

ఆమె అట్టపెట్టెలు విప్పేస్తుంటే, స్టామాతిస్ మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

అబద్ధం ఆడటం తేలికే. దానికి రోజూ నీళ్లు పోయడమే కష్టం. పొద్దున్నే రొట్టె, ఆ తర్వాత గోడ. మే ఎండలకి మచ్చ సాయంత్రానికల్లా ఆరిపోయేలా ఉండేది, అందుకని మధ్యాహ్నం ఆమె వచ్చేలోపు ఇంకోసారి కొట్టేవాడు. ఆమె గదిలోనే కూర్చుని పేపర్లు దిద్దుకునే శని, ఆదివారాల్లో మాత్రం ఏమీ చేయలేక కింద గోళ్లు కొరుక్కునేవాడు.

"నా స్ప్రే సీసా కనిపించిందిరా?" అని కలియోపి రోజూ అడిగేది. "మొక్కలు మాడిపోతున్నాయి."

"చూళ్లేదమ్మా."

మే పదిహేడు, శనివారం. పొద్దున తొమ్మిదింటికి గడపలో పనిముట్ల సంచితో మేస్త్రీ జఖారిస్ ప్రత్యక్షమయ్యాడు. స్టామాతిస్ కాఫీ పక్కన పెట్టి ఎదురెళ్లాడు.

"మీకు జూన్ దాకా ఖాళీ లేదన్నారు కదా!"

"ఎవరన్నారు?" అన్నాడు మేస్త్రీ.

"నేను రమ్మన్నాను," అంది కలియోపి. "ఇలాగే వదిలేస్తే గోడ కూలుతుంది. పద, పైకి పద."

"గదిలో టీచర్ గారు..."

"ఆవిడా చూస్తుందిలే."

స్టామాతిస్ పైకి చేరేసరికే మొదటి దెబ్బ పడింది. మిర్తో మంచాన్ని పక్కకి జరిపి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సున్నం పెళ్లలు రాలాయి. మేస్త్రీ తొంగిచూశాడు. ఇంకో దెబ్బ. అరచేతంత కన్నం పడింది. వేలు పెట్టి కెలికాడు, టార్చి వేసి చూశాడు, తల గోక్కున్నాడు.

"అక్కా, ఈ గోడలో అసలు పైపే లేదు. ఇవతల మంచం, అవతల మెట్లు. నీళ్లు ఆకాశం నుంచి పడుతున్నాయా?"

ముగ్గురూ కలిసి స్టామాతిస్ వైపు చూశారు. పరుగెత్తి పోదామంటే, తలుపుకి అడ్డంగా తల్లి నిలబడి ఉంది.

"నేనే," అన్నాడు. "స్ప్రేతో."

"గోడకి స్నానం చేయిస్తున్నావట్రా?" అన్నాడు మేస్త్రీ.

మిర్తో బల్ల మీంచి ఒక నోటుబుక్కు తీసింది. హాజరు పిలిచే గొంతుతో చదవడం మొదలుపెట్టింది.

"ఏప్రిల్ ఇరవై ఎనిమిది, తడి. ఇరవై తొమ్మిది, తడి. మే ఒకటి, సెలవు, నేను గదిలోనే ఉన్నాను. పొడి. మూడు, నాలుగు తేదీలు శని ఆదివారాలు. పొడి. సోమవారం మళ్లీ తడి. పదమూడు, పద్నాలుగు స్కూలుంది, కానీ పొడి." తలెత్తింది. "ఆ రెండు రోజులూ మీరు పరుపులు కొనడానికి పడవెక్కి పిరేయస్ వెళ్లారు."

స్టామాతిస్ ఆ నోటుబుక్కు వంక చూశాడు. "మీకు... తెలుసా?"

"మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. పరుపులతో రూఢి అయింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఖాళీ చేయాలి కదా," అంది మిర్తో. ఏప్రిల్ ముప్పై, మాటంటే మాటే అన్న మనిషి మెడ దాకా ఎర్రబడింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మేస్త్రీ ముందా, తల్లి ముందా అని చూసుకోలేదు స్టామాతిస్.

"జాలిపడి కాదు టీచర్ గారూ. మీరంటే నాకిష్టం. తావ్లీలో రోజూ ఓడిపోవడం కూడా ఇష్టమే. మీరు ఆ పెట్టెలు తెచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు. పోనీ చెబుదామంటే నోరు రాలేదు, గోడని పట్టుకున్నాను."

"నాకూ ఇష్టమే," అంది మిర్తో సూటిగా. "కానీ ఒక్కటి వినండి. ఆరేళ్లలో ఐదు ఊళ్లు తిరిగాను. జూన్‌తో ఈ పోస్టు అయిపోతుంది. వచ్చే ఏడు ఎక్కడ వేస్తారో నా చేతిలో లేదు. ఇంతవరకూ దరఖాస్తులో ఈ దీవులన్నింటినీ అట్టడుగున రాసేదాన్ని. ఈసారి పైన రాస్తాను. అయినా ఏ దీవికి వేస్తారో వాళ్లిష్టం. ఇష్టపడ్డామని పోస్టింగులివ్వరు."

"తెలుసు," అన్నాడతను.

"అమ్మా, పైపు లేదని నీకు తెలీదా?" అన్నాడు తల్లి వైపు తిరిగి.

"మీ నాన్న ఈ గోడ కడుతుంటే ఇటుకలు అందించింది నేనే. తెలీకేం?"

"మరి మేస్త్రీని ఎందుకు పిలిచావు?"

"ఇలా వదిలేస్తే గోడైనా ఊడిపడేలా ఉంది కానీ, నీ నోట్లోంచి మాట ఊడిపడేలా లేదు. నా స్ప్రే సీసా ఇచ్చెయ్ ముందు."

"ఇంతకీ ఈ కన్నం పూడ్చాలా వద్దా?" అన్నాడు మేస్త్రీ. అతనికి కావాల్సింది అదొక్కటే.

"ఉండనివ్వండి," అన్నాడు స్టామాతిస్.

జూన్ ఇరవై నాలుగున మిర్తో పడవెక్కింది. ఆ వేసవిలో రోజూ సాయంత్రం ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పోస్టింగుల సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఆ పక్క దీవులు ఇరవై పైనే ఉన్నాయి. వాటిలో కొన్నింటి నుంచి కిమోలోస్‌కి రావాలంటే ముందు పిరేయస్ రేవుకి వెళ్లి, మళ్లీ ఇంకో పడవెక్కాలి. చలికాలం గాలులకి అదీ నమ్మకం లేదు.

ఆగస్టు ఇరవై తొమ్మిది మధ్యాహ్నం రిసెప్షన్లో ఫోన్ మోగింది. బల్ల ముందు ఎనిమిదిమంది ఇటాలియన్లు ఉన్నారు.

"రూమ్ కావాలండీ."

రోజూ సెల్‌కి చేసే మనిషి హోటల్ నంబరుకి చేసింది. స్టామాతిస్ రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. "ఎన్ని రోజులకి మేడమ్?" అన్నాడు.

"హీటర్ ఉందా?"

"ఉందండీ. పనిచేస్తుంది."

"స్కూలు ఎంత దూరం?"

"ఇరవై రెండు నిమిషాలు. అంతా ఎక్కుడే."

"అబద్ధాలు మానేసినట్టున్నారే! ప్లగ్గులెన్ని?"

"రెండు."

"రెండెలా అయ్యాయి?"

"గోడ ఎలాగూ పగిలింది కదా. మే నెలలోనే వేరే లైను లాగించి, ఆ కన్నంలో రెండోది పెట్టించాను. ఫ్యూజు పోదు. నువ్వు వెళ్లేదాకా దాని మీద పటం తగిలించి ఉంచాను."

"ఏ దీవికి వేస్తారో తెలీకుండానే?"

"తెలీకుండానే."

"టీ, హీటర్, రెండూ ఒకేసారి?"

"ఒకేసారి."

ఆమె ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. ఇటాలియన్లు వాచీలు చూసుకుంటున్నారు.

"కిమోలోస్‌కే వేశారు, స్టామాతీ. రేపు బయల్దేరుతున్నా. ఏప్రిల్ ముప్పైకి ఖాళీ చేయాలా?"

"అక్కర్లేదు."

"మరి జూన్‌లో?"

"అక్కర్లేదు."

"మరి ఎప్పుడు చేయాలి?"

అతను జవాబు చెప్పేలోపే, వెనక చెవులు రిక్కించుకుని జెరేనియంలకి నీళ్లు కొడుతున్న కలియోపి గట్టిగా అంది, "ముందు పడవెక్కమను ఆ పిల్లని! అత్తగారిని నేనుండగా ఖాళీ చేయమనడానికి నువ్వెవడివిరా?"