గట్టు మీది నాలుగు గదులు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! వైశాఖ అమావాస్య... అర్ధరాత్రి కంటే భయంకరమైన పగలు అది! జలాశయం నీరు కరిగిన సీసంలా కదలకుండా పడి ఉంది. గట్టు మీద ఒక్క పిట్ట కూయడం లేదు. మబ్బుతునక కూడా లేని ఆకాశంలో, ఎక్కడో పడమటి దిక్కున, ఒక ఉరుము దొర్లింది...

గట్టు మీది ఇంట్లో, దుప్పట్లు దాచే చీకటికొట్టులో గోవిందన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా, ఉతికి మడిచిన తెల్లటి దుప్పటి మీద ఒక కపాలం! దాని నుదుట అంగుళం మందాన కుంకుమ. గోవిందన్న ఒళ్ళో అద్దెగదుల రిజిస్టరు. అందులోని ఒక వరుస మీద వేలుంచి పదేపదే జపిస్తున్నాడు.

"వైదేహి... కాశ్యప గోత్రం... రోహిణీ నక్షత్రం... జరుగు! నా పెండ్లానికి చోటియ్యి!"

నాలుగో గదిలో మంచం మీద పడుకున్న వైదేహి కళ్ళు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఆ కళ్ళలో వైదేహి లేదు!

ఆ ఇంటిని ఎంచుకున్నది వైదేహి అత్త కృష్ణాబాయి. భర్త పోయిన దగ్గరినుంచి ఆదోనిలో కొడుకు ప్రమోద్ దగ్గర ఉంటోంది. బడిపంతులైన ప్రమోద్‌కు వేసవి సెలవులు. కోడలు టైఫాయిడ్ నుంచి లేచి ఇంకా తేరుకోలేదు. ఎమ్మిగనూరు అవతల, డ్యాం గట్టున వెలసిన కొత్తగట్టు అనే ఊళ్ళో నాలుగురోజులు నీటిగాలికి ఉంటే మంచిదని ముగ్గురూ వచ్చారు.

ప్రమోద్ ఫోనులో చూసిపెట్టుకున్న మొదటి లాడ్జికి మూడంతస్తులు, లిఫ్టు, ఏసీ. కానీ గదిలో వంట చేయరాదని బోర్డు! కృష్ణాబాయికి మడి. తన చేతివంట తప్ప ముట్టదు. రెండోచోట గేటు ముందే చేపలు వేగుతున్నాయి. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆటోలోంచి దిగనే లేదు.

మూడోది గోవిందన్న ఇల్లు. బోర్డు లేదు. వాకిట్లో ముగ్గు. గదికొక పొయ్యి, గదికొక కుళాయి. యజమాని స్వయంగా ఎదురొచ్చి సంచులందుకున్నాడు.

"పెద్ద లాడ్జీల్లో మనిషికి నంబరేస్తారమ్మా. ఈడ పేరు పెట్టి పిలుస్తాము" అన్నాడు వినయంగా.

రిజిస్టరులో ఊరు, ఫోను, వాటి పక్కన గోత్రం, నక్షత్రం! పొద్దున్నే ముగ్గురి పేరునా అర్చన చేయిస్తానన్నాడు. మంత్రాలయం మఠంలో సేవాటికెట్టు తీసుకున్నప్పుడల్లా గోత్రనామాలు చెప్పడం కృష్ణాబాయికి అలవాటే. మరో ఆలోచన లేకుండా రాసేసింది.

"ఆధార్ అడగలేదు, నక్షత్రం అడిగినాడు! గట్టి పోలీసే ఈయన" అని ప్రమోద్ నవ్వాడు.

"నీకన్నీ ఎగతాళేరా. దేవుడు ఆధార్ చూస్తాడా?"

మర్నాడు తెల్లవారేసరికి వైదేహి వసారా అంతా ఊడ్చేసింది. ఆ మర్నాడు, బిందె కూడా ఎత్తలేని ఆ పిల్ల, నాలుగు గదుల దుప్పట్లూ బండకేసి ఉతికింది! ఎందుకమ్మా అని అడిగితే, "గెస్టులు వస్తాండారు కదా" అంది. గొంతు జలుబు చేసినట్టుంది... కృష్ణాబాయి అలాగే సరిపెట్టుకుంది.

ఇది నాలుగో రోజు!

"నీళ్ళు కాగినాయా?" మంచం మీంచి లేచిన వైదేహి గొంతులో నీళ్ళు గరగరలాడాయి. "మూడో గదోళ్ళు లేసినారు... దుప్పట్లు యాడ? దుప్పట్లు!"

పట్టుకోబోయిన ప్రమోద్‌ను ఒంటిచేత్తో గోడకేసి కొట్టింది. అతను మోచేయి పట్టుకుని లేచాడు.

"అమ్మా, దగ్గరుండు. నేను కారు, డాక్టరు చూసుకొనొస్తా" అంటూ రోడ్డు వైపు పరుగెత్తాడు.

గుమ్మంలో చీపురు కింద పడిన చప్పుడయింది. ఆ ఇల్లు ఊడ్చే ఉచ్చీరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అది ఉరుకుందమ్మ గొంతమ్మా! గోవిందన్న పెండ్లాము! సచ్చిపోయి ఆర్నెల్లాయె!"

"ఏమంటున్నావే?"

"ఇరవై ఏండ్లు ఈ నాలుగు గదులూ ఒక్కతే సేసింది తల్లీ. జొరమొచ్చినా పండుకోనియ్యలా ఆ పాపిష్టోడు. కార్తీకంలో దుప్పట్లు జాడిస్తా కండ్లు తిరిగి నీళ్ళలో పోయె. ముత్తైదువుగా పోయింది... దినాలు సేయలా, ఎవురికీ ఇంత అన్నం పెట్టలా. ఆమె మాదిరి సేసే మనిషి దొరకదు, ఆమెనే మల్లా పిలుసుకుంటా అంటాండె. తాగి వాగుతాండాడు అనుకుంటి! పొద్దున్నుంచి దుప్పట్ల కొట్టులో తలుపేసుకోనుండాడు!"

కృష్ణాబాయికి రిజిస్టరు గుర్తొచ్చింది. గోత్రం రాసింది తన చెయ్యి! కోడలి ప్రాణాన్ని అక్షరాల్లో పెట్టి అప్పజెప్పింది తాను!

చీకటికొట్టు దగ్గరికి పరుగెత్తి తలుపు బాదింది. లోపలినుంచి వికటాట్టహాసం!

"ముసల్దానా! పన్నెండున్నర దాటితే అది నీ కోడలు కాదు! నీ కొడుక్కి ఇంకొకదాన్ని సూసుకో పో!"

గోడ గడియారంలో పన్నెండూ పది.

కృష్ణాబాయి మంత్రాలు తెలిసిన మనిషి కాదు. కానీ నలభై ఏళ్ళు పితృకార్యాలకు వండింది. భర్త కంటే ముందు పోయిన ఇల్లాలి పేరు మీద ఒక ముత్తైదువను కూర్చోబెట్టి భోజనం పెట్టాలి. పెట్టకపోతే ఆ జీవి ఆకలితో తిరుగుతుంది. ఎవరు పిలిచినా వెళ్తుంది. తన భర్త చెప్పేవాడు ఈ మాట.

పొయ్యి దగ్గర గిన్నెలు వేడిగానే ఉన్నాయి. ఆకు పరిచింది. తాను కుంకుమ పెట్టకూడదు కనుక భరిణె తీసి ఉచ్చీరమ్మ చేతిలో పెట్టింది.

"నేను ముట్టుకుంటే మీ మడి పోతాదమ్మా!"

"పోనీ! ముందు బొట్టు పెట్టు!"

నుదుట కుంకుమ పడగానే ఆ శరీరం నిలువునా కంపించింది. కృష్ణాబాయి దాని రెండు చేతులూ పట్టుకుంది. నీళ్ళలో నానిన చేతుల్లా చల్లగా, ముడతలు పడి ఉన్నాయవి...

"కూర్చోమ్మా ఉరుకుందమ్మా."

"పనుంది... గదులు..."

"గదులుండనీ. నిన్ను కూర్చోబెట్టి ఎవరైనా ఎప్పుడైనా వడ్డించినారా?"

నీటి అడుగునుంచి బుడగ తేలినట్టు ఒక మాట వచ్చింది.

"లేదు."

"అయితే తిను. ఎవరు పిలిచినా లేవద్దు."

మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. చీకటికొట్టులోంచి కేక! "ఉరుకుందమ్మా! లెయ్!" ఇంటి పెంకులు గడగడలాడాయి. ఆమె తల ఎత్తింది. కృష్ణాబాయి పప్పు వడ్డించింది.

"ఉరుకుందమ్మా! మొగుణ్ణి పిలుస్తాండా!" ఆకాశం చీలినట్టు ఉరుము! పొయ్యి ఆరిపోయింది. ఉచ్చీరమ్మ ఏడుస్తూనే ఇంకాస్త అన్నం పెట్టింది. "తినే అక్కా, తిను..."

మూడోసారి పిలుపులో ఆజ్ఞ లేదు, భయం ఉంది. ఆమె తల ఎత్తలేదు. చారు, మజ్జిగ, ఆఖరి మెతుకు వరకూ నిదానంగా తిన్నది. చెయ్యి కడుక్కుంది.

"కడుపు నిండిందమ్మా" అంది. ఆ మాటతో వైదేహి శరీరం చీరలా జారి అత్త ఒడిలో పడిపోయింది.

మరుక్షణం చీకటికొట్టులో కపాలం పగిలిన చప్పుడు! తలుపు కిందినుంచి నీళ్ళు... చల్లటి, పాచివాసన వేసే నీళ్ళు! గొళ్ళెం దానంతటదే ఊడింది.

గోవిందన్న బయటికొచ్చాడు. నెత్తి మీద కొండంత దుప్పట్ల మూట. కళ్ళు తేలేశాడు. కాళ్ళు అతని మాట వినడం లేదు!

"వద్దే! నేను నీ మొగుణ్ణే! తప్పయిపాయె!"

ఎవరూ కనిపించలేదు. గట్టు మీంచి మాత్రం ఒక ఆడగొంతు స్పష్టంగా వినిపించింది.

"ఉతుకు."

అతను నీళ్ళలోకి దిగాడు. మోకాలి లోతులో ఒక దుప్పటి జాడించాడు. నడుము లోతులో ఇంకొకటి. చేతులు ఆగడం లేదు. అరుస్తూనే ఉన్నాడు, జాడిస్తూనే ఉన్నాడు... గొంతు లోతు... తల మునిగాక కూడా రెండు చేతులు పైకి లేచి తెల్లటి దుప్పటిని నీటికేసి కొట్టాయి. ఒకసారి... రెండుసార్లు... ఆపైన నీళ్ళు మూసుకున్నాయి!

ప్రమోద్ కారుతో తిరిగొచ్చేసరికి వైదేహి అత్త ఒడిలోనే ఉంది. పెదవులకు రంగు తిరిగింది. మెల్లగా కళ్ళు విప్పి, గది చూసి, అత్తను చూసింది.

"ఆకలైతాంది అత్తా. పొద్దుటినుంచి నాకేమీ పెట్టలేదు కదా!"

ఖాళీ అయిన గిన్నెల వైపు ఒకసారి చూసి, కృష్ణాబాయి కోడలి తలను గుండెకు అదుముకుంది. అప్పుడు ఏడ్చింది.