సోమవారం మూసి ఉండే కోట

తెల్లవారుజామున పట్టుబడ్డవాడి కోటు అతనికి భుజాల దగ్గర వదులైంది. మీసం మాత్రం సరిగ్గా కుదిరింది, జిగురుతో అంటించింది కాబట్టి.

"చేతులు వణుకుతున్నాయేంటి?" అడిగాడు పెద్దాయన.

"భయం సార్."

"మంచిది. భయం లేని ఏజెంట్లను ఇప్పటికే ఐదుగుర్ని పోగొట్టుకున్నా. విను."

బ్రీఫింగ్ జరుగుతున్నది ఒక బ్రెడ్డు వ్యాన్‌లో. రోడ్డుకు అవతల అద్దాల తలుపుల ట్రావెల్ ఆఫీసు. దాని వెనక విదేశీ ముఠా. సముద్రంలో అరవై మైళ్ళ దూరాన, పాత కోటలూ తెల్లటి ఎండా ఉన్న దీవిలో ఇవాళ రెండు దేశాల మంత్రులు పెళ్ళాంపిల్లలతో సహా తిరుగుతున్నారు. ఎక్కడో ఒక చోట బాంబు పెట్టారు.

"ఎక్కడో, ఎప్పుడో వాళ్ళిచ్చే టూర్ ప్లాన్‌లో ఉంటుంది. బాంబు పెట్టినవాళ్ళను పడవలో దాటించాల్సినవాడు మన లాకప్‌లో ఉన్నాడు. వాడి బదులు నువ్వెళ్ళి ప్లాన్ తీసుకో. అందులో చాలా చోట్లుంటాయి, అసలుది ఒక్కటే. దాన్ని ఎలా పోల్చుకోవాలో వాడు చెప్పి చావట్లేదు. దీవిలో మన బాంబు టీమ్ ఒక్కటే ఉంది."

"కోడ్?"

"గది గురించి అడిగితే, 'సముద్రం కనిపించే గది వద్దు' అనాలి. సెలవుకు వెళ్ళేవాడెవడూ పొరపాటున కూడా అనని మాట. నీ కోటు గుండీలో మైక్ ఉంది. మేం వింటాం, నీతో మాట్లాడలేం. బాంబు దొరికితే రెండు హారన్లు కొడతా."

"లోపల మన మనిషి?"

"కౌంటర్లో ముత్యాల కమ్మల ఆవిడ. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఇవాళ ఎటో నాకు తెలీదు."

అతను మీసం ఒకసారి నొక్కుకుని వ్యాన్ దిగాడు. రోడ్డు దాటాడు.

ముత్యాలావిడ నవ్వింది. ఆ నవ్వుకు మామూలు రోజుల్లో అయితే మనుషులు దారి మరిచిపోతారు. ఆమె వెనక బల్ల దగ్గర బట్టతలాయన ఒక్క చేత్తో టైపు చేస్తున్నాడు. రెండో చెయ్యి సగం తెరిచిన సొరుగులో ఉంది. గోడ గడియారం పదకొండూ ముప్పై చూపిస్తోంది.

"దీవికి ప్లాన్ కావాలి," అన్నాడతను.

"తప్పకుండా సర్. గది ఎలాంటిది..."

అద్దాల తలుపు తెరుచుకుంది.

"ఏవండీ!"

వచ్చింది అతని భార్య. కూరగాయల సంచీ, చెమట పట్టిన మొహం, ఆ మొహం నిండా సంతోషం.

"బస్సులోంచి చూశా. ఈ నడక మా ఆయనదే అనుకుని దిగేశా. క్యాంపు అని చెప్పి ఇక్కడికొచ్చారా? నాకు చెప్పకుండా బుక్ చేద్దామనా?"

ఆమె లెక్క ప్రకారం భర్త గోడ గడియారాల కంపెనీలో సేల్స్ మనిషి. వారం క్రితం క్యాంపుకు వెళ్ళాడు. ఆరేళ్ళుగా ఆ దీవికి తీసుకెళ్తానంటూ నాలుగుసార్లు టికెట్లు రద్దు చేశాడు. ప్రతిసారీ ఏదో ఒక మిషన్ అడ్డొచ్చింది. అది ఆమెకు తెలియదు.

"ఇదేంటి, మీసం?" ఆమె చెయ్యి చాపింది. "వారంలో ఇంత పెరిగిందా? ఒక పక్క..."

అతను ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. తను చస్తే ఒక రకం. ఈమెకు ఏదైనా అయితే? దేవుడా, ఈమెను ప్రాణాలతో బయటికి పంపించు చాలు అనుకున్నాడు.

టైపు చప్పుడు ఆగింది. "గది సంగతి చెప్పలేదు," అన్నాడు బట్టతలాయన.

"సముద్రం కనిపించేదే ఇవ్వండి," అందామె ఠక్కున.

సొరుగు ఇంకొంచెం తెరుచుకుంది.

"వద్దు." అతను అడ్డుపడ్డాడు. "సముద్రం కనిపించే గది వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. నీకేం తెలుసు?"

ఆమె మొహంలో వెలుగు ఆరిపోయింది. "నాకేం తెలుసా? ఆరేళ్ళు. మా చెల్లెలు రెండుసార్లు వెళ్ళొచ్చింది. నేను వాళ్ళ ఫోటోలు చూసి బాగున్నాయన్నా. ఇవాళ మీరే వచ్చారని పరిగెత్తుకొచ్చా. మీకు నాతో సముద్రం చూడడం కూడా బరువేనా?" కళ్ళ నిండా నీళ్ళు.

అతనికి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది.

బట్టతలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇంత ఏడుపు ఏ గూఢచారీ నటించలేడనుకున్నాడో ఏమో, తల ఊపాడు. ముత్యాలావిడ ఒక కాగితం జరిపింది. మొదటి రోజు, సోమవారం అని పైన ఉంది. ఇవాళా సోమవారమే. పదకొండూ నలభై అయిదు, దీపస్తంభం. పన్నెండు, కోట, గంట గోపురం. ఒంటిగంట, మ్యూజియం. రెండు, పాత రేవు. నాలుగు చోట్లు. ఏది?

అతని భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎంత కోపమున్నా కాగితం చూడకుండా ఊరుకునే మనిషి కాదు. లాక్కుని చదివింది. "ఇదేం ప్లానమ్మా? సోమవారం కోట మూసేస్తారు. బయటివాళ్ళను గేటు కూడా దాటనివ్వరు."

ముత్యాలావిడ నవ్వు చెరిగిపోయింది. అప్పుడర్థమైంది అతనికి. మామూలు టూరిస్టు ఎవడూ వెళ్ళలేని చోటే అసలైనది. మంత్రులకు మాత్రం గేటు తీస్తారు. గడియారం పదకొండూ నలభై ఆరు. పెద్దాయన వింటే చాలు, కానీ గట్టిగా చెప్పేదెలా?

"నువ్వు తప్పు చదివావు," అన్నాడు గుండీ మీదికి వంగి.

"తప్పా? నాలుగో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్తా వినండి. సోమవారం. పన్నెండు గంటలు. కోట. గంట గోపురం. కోట మూసే ఉంటుంది. వినపడిందా?"

"గంట గోపురమేనా?"

"గంట గోపురమే!"

బట్టతలాయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ వేశాడు. "మేడమ్, ఇవన్నీ మీకెవరు చెప్పారు?" మామూలుగానే అడిగాడు. తిరిగొచ్చి చెయ్యి మళ్ళీ సొరుగులో పెట్టాడు.

"ఎవరూ చెప్పలేదు," అందామె.

"పన్నెండు దాకా ఇద్దరూ కదలొద్దు. తర్వాత మాట్లాడుకుందాం."

అప్పుడు ఆమెకూ భయం పట్టుకుంది. భర్త చెయ్యి వెతుక్కుంది. పదకొండూ యాభై. యాభై అయిదు. యాభై తొమ్మిదికి అతను తన కుర్చీని ఆమెకూ సొరుగుకూ మధ్యకు జరుపుకున్నాడు.

సెకన్ల ముల్లు సగం తిరిగింది.

బయట హారన్. ఇంకో హారన్.

అతని మొహం వెలగడం చూసి బట్టతలాయన తుపాకీ తీయబోయాడు. ముత్యాలావిడ సొరుగును తుంటితో ఒక్క నెట్టు నెట్టింది. మణికట్టు ఇరుక్కుని బట్టతలాయన కేక పెట్టాడు. ఆ హారన్ల అర్థం ఆవిడకూ తెలుసు, గెలిచినవాళ్ళ వైపు నిలబడడం ఆవిడ పద్ధతి. అద్దాల తలుపు పగలగొట్టుకుని పెద్దాయన మనుషులు వచ్చేసరికి ఆవిడ వెనక దారిన వెళ్ళిపోయింది.

బ్రెడ్డు వ్యాన్‌లో పెద్దాయన అతని భార్యకు నీళ్ళిచ్చాడు. భర్త ఉద్యోగం గురించి చెప్పాడు. ఆమె అతని మీసం ఒక్క లాగు లాగి చేతిలో పెట్టింది.

"ఒక్కటి చెప్పండమ్మా," అన్నాడు పెద్దాయన. "సోమవారం సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. మీకెలా తెలిసింది?"

"వెళ్ళొచ్చినవాళ్ళు మర్చిపోతారండీ. ఆరేళ్ళు వెళ్ళకుండా ఉన్నవాళ్ళకే ఇవన్నీ కంఠతా వస్తాయి."

అతను తల దించుకున్నాడు. పెద్దాయన అతని పదిరోజుల సెలవు కాగితం మీద అప్పటికప్పుడే సంతకం పెట్టాడు.

ఆమె ఆ కాగితాన్ని మడిచి కూరగాయల సంచీలో వంకాయల కింద దాచింది.

"కోటకి మంగళవారం వెళ్దాం," అంది. "గది మాత్రం సముద్రం కనిపించేదే. ఇంకోసారి వద్దన్నారంటే ఆ తుపాకీవాడే నయమనిపిస్తాను."