పోయిన నల్లద్దం

1986 నవంబరు పదకొండు, మంగళవారం. గుంటూరు బ్రాడీపేటలో డిటెక్టివ్ బాలసరస్వతి ఆఫీసు మెట్లెక్కి వచ్చిన పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అసిస్టెంటు బుడాన్ గ్లాసుతో నీళ్లందిస్తే సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయాయి.

ఆయన అనంతపద్మనాభం. ఫిజిక్సు చెప్పి రిటైరైన మాస్టారు. ప్రత్తిపాడులో నక్షత్రాలు చూసే సంఘం ఒకటి నడుపుతున్నాడు.

“ఎల్లుండి పొద్దున బుధగ్రహం సూర్యుడికి అడ్డంగా దాటిపోతుందమ్మా. మూడూళ్ల పిల్లలకు టెలిస్కోపులో చూపిస్తానని మాటిచ్చాను. గొట్టం చివర, కన్ను పెట్టేచోట నల్లద్దం బిగించి చూడాలి. నిన్న పొద్దున పది నిమిషాలు సూర్యుడి వైపు పెట్టి సరిచూశాను, బాగానే ఉంది. ఇవాళ పెట్టె తీస్తే అద్దం లేదు! అది లేకుండా చూస్తే కన్ను కాలిపోతుంది.”

“తాళం పగలగొట్టారా?”

“లేదమ్మా. తాళంచెవులు నాతోపాటు మరో ముగ్గురి దగ్గరే ఉన్నాయి.”

గంటన్నరలో వాళ్లు ప్రత్తిపాడు చేరారు. దారి పొడుగునా పత్తి బోరేలు ఎత్తిన లారీలు. సంఘం గదిలో టెలిస్కోపు మూడుకాళ్ల మీద నిలబడి ఉంది. పెట్టెలో ఖరీదైన కటకాలన్నీ భద్రంగా ఉన్నాయి.

“ఇవి వదిలేసి నల్లద్దం ఒక్కటే ఎత్తుకెళ్లాడంటే వట్టి పిచ్చిదొంగ, మేడమ్” అన్నాడు బుడాన్.

బాలసరస్వతి టెలిస్కోపు దగ్గరకెళ్లింది. పెద్ద గొట్టం పక్కన, గురి చూసుకోవడానికి వేలంత చిన్న గొట్టం ఒకటుంది. దాని మూతికి నల్లకాగితం అంటించి ఉంది.

“ఇది మీరు అంటించారా, మాస్టారూ?”

“లేదే! నిన్న లేదు.”

ఆమె కాగితం అంచు గోటితో లేపింది. అంటించింది జిగురుతో కాదు, మెతుకులతో. ఆ మెతుకులకు ఎర్రగా గోంగూర పచ్చడి మరక. బుడాన్ నోట్‌బుక్కులో రాసుకున్నాడు కానీ, ఎందుకు రాసుకుంటున్నాడో అతనికే తెలియలేదు.

తాళంచెవులున్న ముగ్గురిలో మొదట ఫోటో స్టూడియో రంజాన్ వచ్చాడు.

“నల్లకాగితం నాదేనండి, ఫోటో పేపరుకు చుట్టి వస్తుంది. సంఘానికి కట్టలకొద్దీ ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం నుంచి గుంటూరులో పెళ్లి ఫోటోలు తీస్తున్నా. ఇప్పుడే బస్సు దిగాను.”

లెక్కల టీచరు ప్రేమమ్మ దాచుకోకుండా చెప్పింది. “ఆ నల్లద్దం వద్దని నెలరోజులుగా పోరుతున్నానండి. గొట్టంలోంచి వచ్చే సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేస్తే ఎవరి కంటికీ ముప్పుండదు. మాస్టారు వింటేగా! అలాగని దొంగతనం చెయ్యను. నిన్న బడి వదలగానే ఇంటికెళ్లిపోయాను.”

మూడోవాడు గది చూసుకునే జక్రయ్య, యాభై ఏళ్ల మనిషి. బాలసరస్వతి అడుగుతున్నంతసేపూ ఆమె మొహం చూడకుండా పక్కన గోడకేసి చూశాడు.

“భోజనం ఎక్కడ చేస్తావు?”

“ఇక్కడేనమ్మా. కారేజీ తెచ్చుకుంటా.”

“ఈ నా విజిటింగ్ కార్డు మీద ఏముందో చదువు.”

అతను కార్డును చెవి దగ్గరకు తీసుకెళ్లి, తల వంచి, ఓరగా చూసి కూడబలుక్కున్నాడు. కళ్లలోకి చూడలేకపోతున్నాడంటే వీడే దొంగని బుడాన్‌కు రూఢి అయిపోయింది.

సాయంత్రం నాలుగింటికి అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది బాలసరస్వతి.

“అద్దం తీసినవాడికి ఆశ లేదు. ఆశుంటే కటకాలు పట్టుకుపోయేవాడు. చిన్న గొట్టానికి కూడా కాగితం అంటించాడంటే, ఎవరి కన్నయినా పోతుందేమోనన్న భయం అతనిది. ప్రేమమ్మగారు ఇంట్లో ఉన్నారు, రంజాన్ ఊళ్లో లేడు. మెతుకులతో అంటించగలిగింది ఇక్కడ అన్నం తినే మనిషే. జక్రయ్యా, అద్దం ఎక్కడ?”

జక్రయ్య కారేజీ సంచిలోంచి గుడ్డమూట తీశాడు. ఆమె అద్దాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. దానికి అడ్డంగా వెంట్రుకంత పగులు.

“నిన్న మీరు సూర్యుడి వైపు పెట్టినప్పుడు టిక్కుమందయ్యా” అన్నాడు జక్రయ్య మాస్టారితో. “గాజు చిట్లిందేమో చూడండయ్యా అంటే, నీకేం తెలుసు, పో అన్నారు. మళ్లీ వేడెక్కితే పిల్లోడి కంటిముందే రెండు ముక్కలవుద్ది. ఇంకేం చెయ్యమంటారు?”

“చిట్లిన అద్దం భయం ఎవరికైనా ఉంటుంది. ఇతనికి ఇంతెందుకంటే...” బాలసరస్వతి బుడాన్ వైపు తిరిగింది. “మొహం చాటేసేవాళ్లంతా దొంగలు కాదోయ్. చూపు నడిమధ్యన కాలిపోయినవాడు ఎదుటి మనిషిని ఓరగానే చూడగలడు. ఎప్పుడు పోయింది, జక్రయ్యా?”

“ఎనభైలో, సూర్యగ్రహణం నాడమ్మా. మసిపట్టిన గాజుముక్కలోంచి చూశా.”

మాస్టారు లేచి నిలబడ్డాడు. “ఆ గాజుముక్కలు మసిపట్టించి పంచింది నేను” అన్నాడు. “ఆరేళ్లయింది. నాకెందుకు చెప్పలేదయ్యా?”

“మంచికే ఇచ్చారు గదయ్యా. చెబితే చూపొస్తదా?”

బుడాన్ సిగ్గుతో తల వంచుకున్నాడు. బాలసరస్వతి అద్దాన్ని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టింది. “కేసు అయిపోయింది, మాస్టారూ. ఎల్లుండి ఏం చేస్తారో మీ ఇష్టం.”

గురువారం పొద్దున ఏడింటికి మైదానం నిండిపోయింది. మాస్టారు మైకు పట్టుకున్నాడు.

“పిల్లలూ, గొట్టంలోకి ఎవరూ చూడరు. ఆరేళ్ల కిందట నా మాట నమ్మి ఒక మనిషి చూపు పోగొట్టుకున్నాడు. అడుగో, జక్రయ్య. ఇవాళ ఈ టెలిస్కోపుకు కాపలా ఆయనే. ఆయన మాటే నా మాట.”

ప్రేమమ్మ అట్టకు తెల్లకాగితం బిగించి గొట్టం వెనక పట్టుకుంది. దాని మీద పళ్లెమంత సూర్యుడు. ఏడుంబావు దాటాక అంచున నల్లటి నలుసు ఒకటి కొరికినట్టు కనబడి, మెల్లగా లోపలికి జారింది. పిల్లల కేకలకు పక్క మిరపచేలో పిట్టలు లేచిపోయాయి.

“ఒరేయ్, గొట్టం దగ్గరకు రాకు! కాగితం చూడు!” జక్రయ్య గొంతు మైదానమంతా వినిపిస్తోంది.

కాసేపటికి బుడాన్ అతని పక్కన చేరాడు. “మొన్న నిన్ను దొంగనుకున్నా పెద్దాయనా, క్షమించు. బుధుణ్ణి చూశావా?”

“అంత సన్న చుక్క నాకు అందదు బాబూ.”

మాస్టారు అది విన్నాడు. పక్కకొచ్చి, జక్రయ్య భుజం మీద చెయ్యి వేసి, అది ఎక్కడున్నదీ, ఎటు కదులుతున్నదీ చెప్పడం మొదలుపెట్టాడు. పన్నెండింటికి చుక్క అవతలి అంచు దాటిపోయేదాకా ఆపలేదు.