తెర వెనక నర్సక్క

"పెళ్లి వీడియో అనుకున్నవా ఏంది? నర్సక్క పేరు చుట్టూ గులాబీ పూలేంది?"

చిన్నప్పుడు నర్సక్క నాటకంలో నాతో పాటు వేషం వేసిన ప్రతిభ, ఇన్నేళ్ల తర్వాత కలవగానే అన్న మొదటి మాట అదే.

అప్పుడప్పుడే మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో ఇంటింటికీ కేబుల్ కనెక్షన్లు వస్తున్నాయి. బస్టాండ్ దగ్గర నాకో వీడియో షాపు ఉండేది. ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో గని కార్మికుల పిల్లలకు ఆటా పాటా నేర్పిన నర్సక్క కళాకేంద్రానికి పాతికేళ్లు నిండాయి. ఆమె మీద డాక్యుమెంటరీ తీయమని పాత విద్యార్థులు నన్ను పట్టుకున్నారు. నాకు తెలిసినవి పెళ్లిళ్లే. అలవాటు కొద్దీ టైటిల్‌లో గులాబీలు వచ్చేశాయి.

"తీసేస్త తియ్. గింత కోపమా?"

"పూలు పోనియ్. అసలు ఇందుల నర్సక్క యాడుంది, సతీష్?"

నిజమే. పాత టేపులన్నీ తిరగేసినా ఆమె ఎక్కడా లేదు. ఏ నాటకమైనా నర్సక్క తెర వెనకే నిలబడి, మరిచిపోయిన వాళ్లకు మాట అందించేది. టేపుల్లో ఆమె గుసగుస ఒక్కటే వినిపించేది. ఇప్పుడు నేను ఆమె వైపు కెమెరా తిప్పితే చాలు, "నేనెందుకు బిడ్డా, పిల్లల్ని తియ్యి" అని కొంగు అడ్డం పెట్టుకునేది.

షూటింగ్ సాగినన్నాళ్లూ వానే. కళాకేంద్రం రేకుల మీద చప్పుడుకు సౌండ్ పాడవుతోందని నేను విసుక్కుంటే, ప్రతిభ చాయ్ గ్లాసు చేతికిచ్చేది.

"వాన ఆగేదాక కూసో. ఇప్పుడు పోయి ఎవరి పెళ్లి తీస్తవ్?"

ఆ వాన ఆగకూడదని ఎంత కోరుకునేవాణ్ణో!

చివరి రోజు తెలిసింది, ప్రతిభకు నాగపూర్‌లో డ్యాన్స్ టీచర్ ఉద్యోగం వచ్చిందని. మర్నాడే ప్రయాణం. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని భయం పట్టుకుంది.

ప్రతిభను స్టేజీ మీద కూర్చోబెట్టి కెమెరా ఆన్ చేశాను. నర్సక్క ఎప్పటిలాగే తెర వెనక్కి తప్పుకుంది. ప్రతిభ ఆమె గురించి కళ్లు తడుస్తుండగా ఎన్నో చెప్పింది.

"ఇంకేమన్న అడిగేదుందా?"

"ఉంది... అంటే... ప్రతిభా, నేను..."

అంతే. చిన్నప్పుడు రాజు వేషంలోనూ ఇదే స్టేజీ మీద ఇలాగే బిగుసుకుపోయాను.

"కాయ్ ఝాలా? ఏమైంది? ఏందో చెప్పరాదు!" అని నవ్వింది.

అప్పుడు తెర వెనక నుంచి సన్నగా ఒక గుసగుస.

"నిన్ను ఇడిసి ఉండలేను..."

"నిన్ను ఇడిసి ఉండలేను," అలవాటుగా అందుకున్నాను.

"నన్ను చేసుకుంటవా..."

"నన్ను చేసుకుంటవా?"

ప్రతిభ ముఖం ఎర్రబడింది. "నర్సక్కా!" అని లేచి, ఒక్క ఊపున తెర లాగేసింది.

అక్కడ నర్సక్క, కొంగు సంగతే మరిచిపోయి నోరారా నవ్వుతోంది. కెమెరా తిరుగుతూనే ఉంది.

"మరి నాకు గూడ అందియ్యి. ఏం జెప్పాలె?" అంది ప్రతిభ.

"నీ మాట నాకు తెల్వదు బిడ్డా. నువ్వే చెప్పాలె."

ప్రతిభ నా వైపు తిరిగింది.

"నాగపూర్‌ల పెళ్లిళ్లు గావా ఏంది? కెమెరా పట్టుకొని వచ్చెయ్."

నర్సక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ డాక్యుమెంటరీలో ఆమె కనిపించేది ఆ ఒక్క నవ్వులోనే. దాని చుట్టూ గులాబీలు పెట్టమని ప్రతిభే పట్టుబట్టింది.