దీపందాకా తిరిగే రాట్నం

ఇబ్రహీంపట్నం పోశమ్మ జాతరలో చెన్నయ్య రంగులరాట్నం పొద్దంతా ఆగదు. ఆగిందంటే మళ్ళీ కదిలించడానికి నలుగురు కావాలి. తిరుగుతున్నదాన్ని తిప్పడానికి ఒక్కడు చాలు. అందుకే ఎక్కేవాళ్ళు పక్కనే నాలుగడుగులు నడిచి, కొయ్యగుర్రం మెడ పట్టుకుని ఎక్కాలి. దిగేటప్పుడూ అంతే.

"ఆపితే గుర్రాలు అలుగుతయి పటేలా, నడుసుకుంట ఎక్కు" అని నవ్వేవాడు.

అమ్మవారి ముందు సందె దీపం వెలిగినప్పుడు మాత్రం తిప్పే దూలం వదిలి దండం పెట్టుకోవడం ఆ ఇంటి ఆచారం. అప్పుడే రాట్నం ఆగేది.

కిందటేడు ఆ ఆచారమే కొంప ముంచింది. సంఘంలో తిరిగే తమ్ముడు అంజిలయ్య, రజాకార్లు తరుముతుంటే వచ్చి ఎర్రగుర్రం ఎక్కాడు. చెన్నయ్య వడి పెంచడంతో గిర్రున తిరిగే గుర్రాల మధ్యకు రాలేక వాళ్ళు బరిసెలతో చుట్టూ కాచుకున్నారు. "ఆపకన్నా" అని తమ్ముడు బతిమాలుతూనే ఉన్నాడు. ఇంతలో దీపం వెలిగింది. చెన్నయ్య చేతులు వాటంతటవే దూలం వదిలి జోడయ్యాయి.

అంజిలయ్య శవం కూడా దొరకలేదు.

మిలట్రీ వచ్చింది, రజాకార్లు పోయారు. మళ్ళీ జాతర. ఈసారి దీపం పెట్టినా ఆపనని చెన్నయ్య ఒట్టు పెట్టుకున్నాడు. తమ్ముడికి చేయగలిగింది ఇక అదొక్కటే.

ఆషాఢం మబ్బు కమ్మి జనం ముందే ఇళ్ళకు పోయారు. గుర్రాలన్నీ ఖాళీ. అయినా మనిషి కూర్చున్నట్టే రాట్నం ఎర్రగుర్రం వైపు ఒరిగి, ఇరుసు కిర్రుమంటోంది. తడిమట్టి వాసనలో చెమట వాసన కలిసింది.

"అన్నా... ఆపకు. గాళ్ళింకా నిలబడ్డరు."

చెన్నయ్యకు భయం కంటే ముందు ఏడుపొచ్చింది.

"ఆపను తమ్మీ."

నెట్టాడు. కాళ్ళు తేలిపోయేదాకా నెట్టాడు.

ఉన్నట్టుండి దూలం తేలికయింది. వెనక ఇంకెవరివో అడుగులు...

"అలిసిపోయినవ్. జర ఎక్కన్నా. నేను తిప్పుత."

రాట్నం ఒరుగు పోయింది. ఎర్రగుర్రం ఇప్పుడు నిజంగానే ఖాళీ. అలవాటుగా నాలుగడుగులు నడిచి ఎక్కాడు. కూర్చునే చోటు తడిగా ఉంది. వెచ్చగా కూడా...

మొదటి చుట్టులో మైదానం బోసిగా ఉంది. రెండో చుట్టులో మసకలో బరిసెలు కనిపించాయి. ఆ తర్వాత మనుషులు. చుట్టూ. చెన్నయ్య వైపే చూస్తూ...

"ఆపకు తమ్మీ..."

"ఆపనన్నా."

అప్పుడే పోశమ్మ ముందు దీపం వెలిగింది.

వెనక అడుగులు ఆగాయి. రెండు అరచేతులు కలిసిన చప్పుడు వినిపించింది.